కుక్క కంఠమూ, కొండవాగు నీరూ

నిన్నటి వరకు వీధి తలుపు చప్పుడైతే చాలు, ఎగిరి దూకిన కుక్క నేడు అరుగు మీదినుంచి కదలదు. తిండి పెంచకపోయినా ఒళ్ళు పెరుగుతుంది. రెండు ప్రక్కలా వెంట్రుకలు ఒకే తీరున రాలిపోతాయి. తోక ఎలుక తోకవలె బోడి అవుతుంది. ఏ కాస్త చలి వేసినా ఎండ తగిలే చోటు వెదకుకొని పడుకొంటుంది. వయస్సు మీదపడినది కాబోలునని ఇంటివారు సరిపెట్టుకొంటారు. పశువైద్యుడు నెత్తురు పరీక్ష చేయించి, కంఠంలోని థైరాయిడ్ గ్రంథి తన పని మానివేసినదనీ, ఇక బ్రతికినన్నాళ్ళూ దినదినమూ మాత్ర వేయవలసి ఉంటుందనీ చెబుతాడు.

ఆ మాట బయటికి పొక్కగానే నలుదిక్కులనుంచి సలహాలు వస్తాయి. ఒకరు సముద్రపు నాచు పొడి తెప్పించమంటారు. మరొకరు దేవకాంచనపు పట్టతో చేసిన గుగ్గులు వేయమంటారు. ఇంకొకరు పచ్చిమాంసం పెట్టే ఇంటిలో ఇటువంటి రోగాలు అడుగుపెట్టవంటారు. వీటన్నిటికీ కలిపి ‘సమగ్ర చికిత్స’ అని పేరు. రోగాన్ని మాత్రమే గాక రోగిని మొత్తంగా చూడవలెననే మాటలో గొప్ప సత్యం ఉన్నది. కాదనడానికి వీలులేదు. కాని మొత్తమంటే ఏమిటి? ఎంతవరకు చూస్తే మొత్తం చూచినట్లు? ఈ ప్రశ్నకు థైరాయిడ్ గ్రంథి చరిత్ర ఇచ్చినంత స్పష్టమైన సమాధానం వైద్యశాస్త్రంలో మరెక్కడా దొరకదేమో. ఆ చరిత్రలో కుక్కలు రోగులుగా కనబడతాయి, సాక్షులుగా కనబడతాయి, బలిపశువులుగా కూడా కనబడతాయి. అందుచేత ఆ కథను కొంచెం మొదటినుంచి చెప్పుకొందాం.

కంఠం ఉబ్బే వ్యాధిని మన పూర్వులు గలగండమన్నారు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో దానిని వాతం వలన, కఫం వలన, మేదస్సు వలన కలిగే మూడు విధాలుగా విభజించి వర్ణించినారు. అంతకంటె విశేషమైన మాట సూత్రస్థానంలో ఉన్నది. నీటి గుణదోషాలను చెప్పే అధ్యాయంలో, హిమవత్పర్వతంలో పుట్టిన నదుల నీరు ఏయే రోగాలను కలిగిస్తుందో చెబుతూ వాటిలో గలగండాన్ని కూడా చేర్చినారు. కంఠంలోని వాపుకు కారణాన్ని కంఠంలో గాక కొండలలో, నదులలో వెదకిన చూపు ఇది. కారణం పేరు తెలియకపోయినా, దృష్టి సరియైన దిక్కుకే మళ్ళినది. ఈ మాటను గుర్తుంచుకొందాం. మళ్ళీ దీని అవసరం వస్తుంది.

చికిత్సలోనూ పూర్వులు అంధకారంలో లేరు. సముద్రపు నాచు కంఠపు వాపును తగ్గిస్తుందని చీనా వైద్యులు ఎరుగుదురు. 12వ శతాబ్దిలో ఇటలీలోని సలెర్నో వైద్యుడు రోజర్, కాల్చిన సముద్రపు స్పంజిని ఇవ్వమని వ్రాసినాడు. ఆ బూడిదలో ఉన్నదేమో ఎవరికీ తెలియదు. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే ఆయన తుపాకిమందుకు కావలసిన సురేకారం తయారుచేస్తూ, నాచు బూడిదనుంచి ఊదారంగు ఆవిరి లేవడం చూచినాడు. అదే అయొడిన్. తొమ్మిదేండ్లకు, 1820లో, జెనీవా వైద్యుడు క్వాందే, కాల్చిన స్పంజిలో పనిచేసేది ఈ వస్తువే కావచ్చునని ఊహించి రోగులకు ఇచ్చినాడు. వాపులు తగ్గినవి. జనం విరగబడినారు. మోతాదు లేక, వైద్యుని సలహా లేక, ఎవరికి తోచినంత వారు త్రాగినారు. గుండెదడతో, వణుకుతో, ఒళ్ళు చిక్కి బాధపడిన వారెందరో. మందుకు చెడ్డపేరు వచ్చినది. మేలుచేసే వస్తువు మితిమీరితే కీడు చేస్తుందనే పాఠం ఈ కథలో మొదటి పాఠం.

ఇంతకూ ఆ గ్రంథి పని ఏమిటి? 1656లో లండను వైద్యుడు థామస్ వార్టన్ దానికి గ్రీకు భాషలో డాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. మెడలోని పల్లాలను పూడ్చి, ముఖ్యంగా స్త్రీల కంఠానికి గుండ్రని అందం తేవడమే దాని పని అని ఆయన అనుకొన్నాడు. ఆ తరువాత రెండు వందల ఏండ్లవరకు అంతకుమించి రూఢిగా తెలిసినది స్వల్పం.

ఇక్కడ కుక్కలు ప్రవేశిస్తాయి. స్విట్జర్లండు దేశంలోని బెర్న్ నగరంలో మోరిట్జ్ షిఫ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1856 ప్రాంతంలో కుక్కల కంఠంనుంచి ఈ గ్రంథిని కోసి తీసివేసినాడు. కుక్కలు మరణించినవి. అలంకారం కోసం ఉన్న అవయవమైతే దానిని తీసినందుకు ప్రాణం ఎందుకు పోవాలి? ఆ ప్రశ్నను ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. షిఫ్ తరువాత ఫ్లారెన్సుకు వెళ్ళినాడు. అక్కడ జంతుహింసను నిరసించేవారు ఆయనపై ఆందోళన సాగించినారు. 1876లో ఆయన జెనీవాకు మారినాడు. ఆ నిరసనకారుల వేదనను మనం తేలికగా త్రోసివేయరాదు. ఆ కుక్కలు తమంతట తాము శాస్త్రానికి ప్రాణాలిచ్చినవి కావు.

ఇంతలో అదే బెర్న్ నగరంలో శస్త్రవైద్యుడు కోహెర్, గలగండం ఉన్న మనుష్యులకు గ్రంథిని పూర్తిగా తీసివేస్తూ మంచి పేరు తెచ్చుకొన్నాడు. శస్త్రచికిత్సలో ఆయన చేయి తిరుగులేనిది. గాయాలు చక్కగా మానేవి. కాని కొన్నేండ్ల తరువాత పాత రోగులను పిలిపించి చూస్తే ఆయన గుండె జల్లుమన్నది. గ్రంథిని పూర్తిగా తీసిన వారిలో మళ్ళీ పరీక్షకు వచ్చిన 18 మందిలో 16 మంది మొగం ఉబ్బి, మాట మందగించి, బుద్ధి మొద్దుబారి ఉన్నారు. 1883లో ఆయన ఈ సంగతిని దాచకుండా లోకానికి వెల్లడించినాడు. అటుపై అటువంటి సంపూర్ణ శస్త్రచికిత్సను అవలంబించరాదని నిశ్చయించుకొన్నాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. కంఠాన్ని బాగుచేసి మనిషిని పాడుచేసినానని ఒప్పుకొనగల ధైర్యం ఆ బహుమానం కంటె తక్కువది కాదు.

కోహెర్ ప్రకటనతో షిఫ్‌కు తన పాత కుక్కలు జ్ఞాపకం వచ్చినవి. 1884లో మళ్ళీ ప్రయోగాలు చేసినాడు. మరొక కుక్క గ్రంథిని ముందుగా పొట్టలో అతికించి, తరువాత కంఠంలోని గ్రంథిని తీసివేస్తే కుక్క బ్రతికినది. గ్రంథి ఎక్కడ ఉన్నదనేది ముఖ్యం కాదు, అది నెత్తురులోనికి విడిచే పదార్థమే ముఖ్యమని దీనివలన తోచినది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. స్వీడను దేశంలోని ఉప్సాలాలో సాండ్‌స్ట్రోమ్ అనే వైద్యవిద్యార్థి 1877లో ఒక కుక్క మెడను కోసి పరీక్షిస్తూ, థైరాయిడ్ ప్రక్కన జనుపగింజంతటి చిన్న గ్రంథిని చూచినాడు. 1880లో దానిని గురించి వ్రాస్తే ఎవరూ లెక్కచేయలేదు. షిఫ్ కుక్కలు అంత త్వరగా మూర్ఛలు వచ్చి చనిపోవడానికి ముఖ్య కారణం, థైరాయిడ్‌తోపాటు ఈ చిన్న గ్రంథులు కూడా పోవడమేనని తరువాత తేలినది. నెత్తురులో సున్నపు ధాతువును నిలిపి ఉంచేవి అవే. మొత్తం చూడాలనేవారు ఇంత చిన్న వస్తువును కూడా విడువరాదు.

1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యుడు జార్జి మరే, గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగిష్ఠి స్త్రీకి సూదిమందుగా ఇచ్చినాడు. అప్పటికి ఆమె వయస్సు 46 సంవత్సరాలు. చికిత్స పొందుతూ ఆమె 1919 వరకు జీవించినది. మరుసటి ఏడే, సూది అక్కరలేదనీ, గొర్రె గ్రంథిని ఆహారంతో తినిపించినా చాలుననీ మరికొందరు కనుగొన్నారు. 1914 డిసెంబరు 25న అమెరికాలో కెండల్ ఆ పదార్థాన్ని స్ఫటికరూపంలో వేరుచేసినాడు. తరువాత మూడు టన్నుల పందుల గ్రంథులనుంచి ఆయనకు లభించినది 33 గ్రాములు మాత్రమే. 1927లో హేరింగ్టన్, బార్జర్ అనే ఇద్దరు బ్రిటనులో దానిని ప్రయోగశాలలోనే తయారుచేసినారు. నేడు మన ఇంటి కుక్కకు పశువైద్యుడు వ్రాసి ఇచ్చే మాత్రలో ఉండేది ఆ పదార్థమే. దానిని ‘కృత్రిమమైన విషం’ అనేవారు, అది కుక్క తన కంఠంలో తానే తయారుచేసుకొనే వస్తువుతో అణువు అణువూ సరిపోతుందనే సంగతి మరచిపోతారు.

ఇక నీటి కథకు వద్దాం. 1895లో జర్మనీలో బౌమన్ థైరాయిడ్ గ్రంథిలో అయొడిన్ ఉన్నదని కనుగొన్నాడు. స్పంజి బూడిదకూ కంఠానికీ ఉన్న సంబంధం తెలిసిపోయినది. పది సంవత్సరాల తరువాత, 1905లో, డేవిడ్ మెరీన్ అనే యువవైద్యుడు అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరానికి ఉద్యోగానికి వచ్చినాడు. ఆ ఊరి వీధులలో తిరిగే కుక్కలకు కంఠాలు ఉబ్బి ఉండడం ఆయన కంటబడినది. ఊరివారికి అది అలవాటైన దృశ్యం. మెరీన్‌కు అది ప్రశ్న అయినది. కుక్కలు, గొర్రెలు, మనుష్యులు ఒకే ఊరిలో ఒకే విధంగా జబ్బుపడితే తప్పు కంఠాలది కాదు, ఆ నేలది, ఆ నీటిది కావాలని ఆయన తలచినాడు. అయొడిన్ తగ్గితే కుక్క గ్రంథి ఉబ్బుతుందనీ, ఇస్తే తగ్గుతుందనీ ప్రయోగాలతో చూపినాడు. పిమ్మట కింబాల్ అనే సహచరునితో కలిసి 1917 మొదలు ఏక్రన్ పట్టణంలోని బాలికా విద్యార్థినులకు ఏడాదికి రెండు పర్యాయాలు కొద్ది రోజులపాటు అయొడిన్ లవణం ఇప్పించినాడు. తీసుకొన్న 2,190 మందిలో అయిదుగురికి కంఠం పెరిగినది. తీసుకొనని 2,305 మందిలో 495 మందికి పెరిగినది. స్విట్జర్లండులో 1922లో, అమెరికాలోని మిచిగన్‌లో 1924లో అయొడిన్ కలిపిన ఉప్పు ప్రజలకు అందసాగినది. వీధికుక్కను చూచి వేసిన ప్రశ్న కోట్లాది పిల్లల కంఠాలను కాపాడినది.

మన దేశంలో ఈ కథ గిల్గిట్ లోయలో నడిచినది. అక్కడ ఉద్యోగం చేసిన రాబర్ట్ మెకారిసన్ అనే సైనికవైద్యుడు, ఒకే నీటికాలువ వెంట ఒకదాని దిగువ ఒకటిగా ఉన్న ఎనిమిది పల్లెలను పరీక్షించినాడు. అన్నిటికంటె ఎగువ పల్లెలో నూటికి సుమారు 12 మందికి గలగండం ఉన్నది. దిగువకు పోయేకొద్దీ సంఖ్య పెరిగి, చివరి పల్లెలో నూటికి 45 దాటినది. పై ఊరి మురికి క్రింది ఊరి త్రాగునీరు అవుతున్నదని ఆయన గ్రహించినాడు. ఆ నీటి మడ్డిని తాను త్రాగి, మరికొందరి చేత త్రాగించి, కంఠాలు ఉబ్బడం చూచినాడు. నీటిలోని క్రిములే కారణమని ఆయన నమ్మినాడు. అది సత్యంలో ఒక భాగం కావచ్చును గాని మూలకారణం అయొడిన్ లోపమే. అయినా ఆహారం, నీరు, నివాసం అన్నిటినీ కలిపి చూచే ఆ దృష్టి వృథా కాలేదు. 1918లో ఆయన కూనూరులో ఆరంభించిన పరిశోధన క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో అది పేరొందినది.

ఆ కూనూరు పరిశోధనశాలలోనే పనిచేసిన మన తెలుగువాడు, శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో ఒక మహా ప్రయత్నం ఆరంభించినారు. లోయను మూడు భాగాలు చేసినారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవ భాగానికి మామూలు ఉప్పు సరఫరా అయినది. ఆరేండ్లకు మొదటి రెండు భాగాలలో గలగండం సగానికి సగం తగ్గినది. మూడవ భాగంలో తగ్గలేదు. 1962లో జాతీయ గలగండ నివారణ పథకం ప్రారంభమైనది. కొండలపై వానలూ, మంచూ, వరదలూ వేల సంవత్సరాలుగా నేలలోని అయొడిన్‌ను కడిగి సముద్రానికి చేర్చినవి. ఆ కొండల నీటిలో, ఆ నేల పంటలో అది ఉండదు. హిమవన్నదులను గూర్చి సుశ్రుత సంహిత చెప్పిన మాటకు వివరణ ఇప్పటికి పూర్తి అయినది.

ఇంతవరకు విన్నవారు, ‘అయితే నాచు పొడి మంచిదేగదా?’ అనవచ్చును. సరిగా ఇక్కడే చరిత్ర మరొక మలుపు తిరిగినది. 1956లో రోజ్, విటెబ్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు, శరీరాన్ని కాపాడవలసిన రక్షకశక్తియే థైరాయిడ్ గ్రంథిపై తిరగబడగలదని కుందేళ్ళలో నిరూపించినారు. 1960 దశకంలో పరిశోధనశాలలలో పెంచిన బీగిల్ జాతి కుక్కల గ్రంథులలో, ఎవరూ ఏ ప్రయోగమూ చేయకుండానే, ఇటువంటి విధ్వంసం కనబడినది. నేడు కుక్కలలో కనబడే థైరాయిడ్ మాంద్యంలో అత్యధిక భాగం ఈ విధ్వంసం వలన గాని, గ్రంథి తనంత తాను శుష్కించడం వలన గాని కలుగుతున్నదే. మెరీన్ చూచిన క్లీవ్‌లండ్ కుక్కల కంఠాలు ఉబ్బినవి. నేటి మన కుక్క కంఠంలో గ్రంథి కరిగి ఎండిపోతున్నది. పేరు ఒకే గ్రంథిదైనా రోగాలు వేరు.

కాబట్టి కొలిమి ఆరిపోయిన చోట బొగ్గులు పోసినంత మాత్రాన ఇనుము కాగదు. అయొడిన్ ముడిసరుకు మాత్రమే. దానిని వాడుకొనే గ్రంథి మిగిలి ఉండవలె. పైగా అధికమైతే హాని. అయొడిన్ హెచ్చుగా ఉన్న ఆహారం తిన్న కుక్కపిల్లలలో గ్రంథి మందగించిన సంగతి 2001లో ప్రకటితమైనది. క్వాందే కాలపు పాఠమే ఇది. శార్ఙ్గధర సంహితలోని కాంచనార గుగ్గులు గండమాలకు, గడ్డలకు, అనగా ఉబ్బిన వాటికి చెప్పిన ఔషధం. శుష్కించిన గ్రంథికి దానిని వాడడం ఆ శాస్త్రానికి కూడా న్యాయం చేసినట్లు కాదు. పచ్చిమాంసం మాటకు వస్తే, గొంతు భాగపు మాంసంతో పశువుల థైరాయిడ్ కూడా కలిసి, దానిని తిన్న 12 కుక్కలకు గ్రంథిస్రావం మితిమీరిన సంగతి 2012లో జర్మనీనుంచి వెలువడినది. ఆ కుక్కలు తమకు తెలియకుండానే 1892నాటి చికిత్సను, మోతాదు లేకుండా, పొందినవి.

అయితే సమగ్ర దృష్టి వలదా? తప్పక కావలె. దాని మొదటి మెట్టు రోగనిర్ణయమే. మరొక జబ్బుతో తీసుకొంటున్న కుక్కకు, కొన్ని మందులు వాడుతున్న కుక్కకు, థైరాయిడ్ గ్రంథి బాగుగానే ఉన్నా నెత్తురులో దాని స్రావం తక్కువగా కనబడుతుంది. ఒక్క అంకెను చూచి ఆజన్మాంతం మాత్ర వేయడమూ అసమగ్రమే, మాత్ర మాని ఆకులు నూరడమూ అసమగ్రమే. వైద్యుడు కుక్క వయస్సు, జాతి, చర్మం, గుండె, బరువు, వాడే మందులు అన్నీ చూచి, ఒకటికి రెండు పరీక్షలు కలిపి నిర్ణయించవలె. రోగం నిశ్చయమైన తరువాత మాత్ర తప్పదు. మనుష్యుని నెత్తురులో ఈ పదార్థం సగానికి తరగడానికి సుమారు వారం పడుతుంది; కుక్కలో ఒక్క దినమైనా పట్టదు. అందుచేత బరువునుబట్టి చూస్తే కుక్కకు మనకంటె ఎంతో హెచ్చు మోతాదు కావలసివస్తుంది. ఇంటిలోని పెద్దవారి మాత్రను విరిచి అంచనాగా వేయడం పనికిరాదు. మధ్యమధ్య నెత్తురు పరీక్ష చేయించి మోతాదును సరిదిద్దుకోవలె.

ఆపైన ఇంటివారి వంతు ఉన్నది. తిండిని కొలిచి పెట్టడం, పెరిగిన బరువును మెల్లగా తగ్గించడం, ఓపిక వచ్చినకొద్దీ నడిపించడం, చర్మాన్ని శుభ్రంగా ఉంచడం, చలినుంచి కాపాడడం. ఎవరైనా మూలికను ఇష్టపడితే దానిని వైద్యునికి తెలిపి, మాత్రను మానకుండా, హానిలేదని తేలిన తరువాతనే వాడవలె. ఉత్సాహం కొద్ది వారాలలోనే తిరిగివస్తుంది. వెంట్రుకలకు నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూచి మందు పనిచేయలేదని మానివేసేవారు కుక్కను మళ్ళీ అరుగుమీద పడవేస్తున్నారు.

కంఠాన్ని చూచి నేలను మరచినవారు పొరబడినారు. నేలను చూచి ఎదుటనున్న కంఠాన్ని మరచినవారూ పొరబడుతున్నారు. బెర్న్ నగరంలో ప్రాణాలిచ్చిన కుక్కలూ, క్లీవ్‌లండ్ వీధులలో ఉబ్బిన కంఠాలతో తిరిగిన కుక్కలూ మనుష్యుల పిల్లలకు చేసిన ఉపకారాన్ని తలచుకొంటే, వాటి సంతతికి మనం చెల్లించవలసిన బాకీ పెద్దది. ప్రతి ఉదయం మన ఇంటి కుక్కకు వేళ తప్పకుండా వేసే ఒక చిన్న మాత్ర ఆ బాకీలో ఒక వాయిదా.